యుద్ధాభ్యాసం నుండి క్రీడానియమం వరకు: ప్రాక్టికల్ పిస్తోలు షూటింగ్ చరిత్రలో నూతన అభ్యాసకుని స్థానం

వ్యాససంగ్రహం:

ఇరవయ్యవ శతాబ్దం ద్వితీయార్ధంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకొని, 1976లో అంతర్జాతీయ సంస్థగా ఏర్పడిన క్రీడ ప్రాక్టికల్ పిస్తోలు షూటింగ్. ఆయుధ శిక్షణగా మొదలైన ఈ అభ్యాసం నియమబద్ధమైన పోటీగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రను ఇంతవరకు ఎక్కువగా విజేతల పేర్లతో, ఆయుధాల మార్పులతో చెప్పడం జరిగింది. కొత్తగా చేరే అభ్యాసకుణ్ణి కేంద్రంగా తీసుకుంటే ఇదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది. గణన సూత్రం, పరికరాల విభాగాలు, భద్రతా నియమాలు, దేశాల ఆయుధ చట్టాలు అనే నాలుగు అంశాలూ చివరకు ఒకే ప్రశ్నకు సమాధానాలుగా ఏర్పడ్డాయి: పిస్తోలును ఎవరి చేతికి, ఏ షరతుల మీద ఇవ్వాలి? ఈ ప్రశ్నను చారిత్రకంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రాక్టికల్ షూటింగ్, జెఫ్ కూపర్, ఐ.పి.ఎస్.సి., హిట్ ఫ్యాక్టర్, భద్రతా నియమాలు, ఆయుధ చట్టాలు, క్రీడా చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ఆయుధ విద్యలు క్రీడలుగా మారడం చరిత్రలో కొత్త విషయం కాదు. విలువిద్య, కత్తిసాము, ఈటె విసరడం వంటివన్నీ యుద్ధరంగం నుండి క్రీడారంగానికి వచ్చినవే. అయితే ఆ విద్యలు క్రీడలుగా స్థిరపడే నాటికి ఆయా ఆయుధాలు యుద్ధంలో చాలవరకు వాడుక తప్పాయి. పిస్తోలు విషయం వేరు. అది నేటికీ పోలీసుల నడుముకు ఉండే ఆయుధం, నేరాలలో కనిపించే ఆయుధం కూడా. కనుక పిస్తోలుతో ఆడే ఆట తనను తాను సమాజానికి వివరించుకోవలసిన అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఆ వివరణ అన్నిటికంటే ముందు అందేది కొత్తగా చేరిన వ్యక్తికే. అతనికి మొదటి రోజు ఏమి చెబుతారు, ఏమి చేయనివ్వరు, ఏ తప్పుకు ఇంటికి పంపుతారు అన్నవి చూస్తే ఆ క్రీడ తనను తాను ఎలా అర్థం చేసుకున్నదో తెలుస్తుంది.

ప్రాక్టికల్ షూటింగ్ అంటే ఒకచోట నిలబడి ఒకే లక్ష్యాన్ని కాల్చే పోటీ కాదు. నడుముకు కట్టిన హోల్‌స్టర్ నుండి పిస్తోలు తీసి, కదులుతూ, గోడలవంటి అడ్డుతెరల వెనుకనుండి, వేర్వేరు దూరాలలో ఉన్న కాగితపు, ఉక్కు లక్ష్యాలను తక్కువ సమయంలో ఎక్కువ ఖచ్చితత్వంతో కాల్చే పోటీ ఇది. లక్ష్యాల అమరిక ప్రతి పోటీకీ మారుతుంది. ఎక్కడ నిలబడాలి, దేన్ని ముందు కాల్చాలి, ఎప్పుడు మ్యాగజైన్ మార్చాలి అన్నవి పోటీదారుడే నిర్ణయించుకోవాలి. ఈ స్వేచ్ఛ ఈ క్రీడకు మూలసూత్రం.

2. పూర్వరంగం: ఒంటిచేతి గురి నుండి రెండు చేతుల పట్టు వరకు:

పిస్తోలు పోటీలు 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉన్నాయి. ఒలింపిక్ సంప్రదాయంలో పిస్తోలును ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. ఆ పోటీలలో అత్యంత వేగవంతమైనది 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్. అందులో అయిదు లక్ష్యాలపై అయిదు తూటాలను 8, 6, 4 సెకన్ల వ్యవధులలో కాల్చాలి. అయినా అక్కడ కూడా షూటర్ తన స్థానం నుండి కదలడు. వేగం ఉన్నా, ఆ వేగానికి ముందుగా నిర్ణయించిన హద్దు ఉంటుంది.

దీనికి సమాంతరంగా పోలీసు, సైనిక శిక్షణల ధార ఒకటి నడిచింది. షాంఘై మునిసిపల్ పోలీసు విభాగంలో పనిచేసిన విలియం ఫెయిర్‌బెయిర్న్, ఎరిక్ సైక్స్ అనే బ్రిటిష్ అధికారులు అక్కడి వీధి ఘర్షణల అనుభవంతో దగ్గరి దూరాలలో పిస్తోలు వాడకాన్ని బోధించి, 1942లో తమ పద్ధతిని పుస్తకంగా ప్రచురించారు. వారి పద్ధతిలో అతి సమీపంలో ఉన్న లక్ష్యాన్ని గురిచుక్క చూడకుండానే, శరీరపు దిశను నమ్ముకొని కాల్చడం ప్రధానం.

ఈ రెండు ధారలకు భిన్నమైన మార్గం 1950లలో కాలిఫోర్నియాలో బయలుదేరింది. ఆ దశాబ్దంలో టెలివిజన్‌లో వచ్చిన పాశ్చాత్య గోపాలకుల కథల ప్రభావంతో, పిస్తోలును వేగంగా తీసే పోటీలు అమెరికాలో వేలంవెర్రిగా వ్యాపించాయి. వాటిలో చాలవరకు ఉత్తుత్తి తూటాలతోనో మైనపు గుళ్లతోనో జరిగేవి. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ (1920-2006) పర్వత ప్రాంతమైన బిగ్ బేర్ లేక్ వద్ద అసలైన తూటాలతో, శక్తిమంతమైన పిస్తోళ్లతో పోటీలు నిర్వహించాడు. ఏ పద్ధతి మేలైనదో వాదనతో కాక ఫలితంతో తేల్చాలన్నది ఆ పోటీల ఉద్దేశం. ఎవరు ఏ విధంగా కాల్చినా అడ్డు చెప్పేవారు కారు.

ఆ పోటీలలోనే లాస్ ఏంజిలిస్ కౌంటీ డెప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్ ఒక మార్పు తెచ్చాడు. మిగిలినవారు నడుము దగ్గరనుండే తొందరగా కాల్చి గురి తప్పుతుండగా, అతడు రెండు చేతులతో పిస్తోలును పట్టుకొని కంటి ఎత్తుకు తెచ్చి, గురిచుక్క చూసి కాల్చి గెలిచాడు. కొంచెం ఆలస్యంగా పేలిన తూటా లక్ష్యాన్ని తాకింది, ముందు పేలినవి తాకలేదు. కూపర్ ఈ పద్ధతిని గమనించి, సూత్రీకరించి, ప్రచారం చేశాడు. ఈ నాటికీ కొత్త అభ్యాసకునికి నేర్పే మొదటి పాఠం ఇదే: తగలని తూటా ఎంత వేగంగా పేలినా దానికి విలువ లేదు.

3. కొలంబియా సమావేశం, తొలి ప్రపంచ పోటీలు:

1975లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో జరిగిన పోటీని ఈ క్రీడ మొదటి ప్రపంచ పోటీగా పరిగణిస్తారు. దానిలో అమెరికాకు చెందిన రే చాప్‌మన్ గెలిచాడు. మరుసటి సంవత్సరం, 1976 మే నెలలో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం కొలంబియాలో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్‌ను స్థాపించారు. సంక్షిప్తంగా ఇదే ఐ.పి.ఎస్.సి. కూపర్ దీనికి తొలి అధ్యక్షుడు. ఖచ్చితత్వం, బలం, వేగం అనే అర్థాలు గల మూడు లాటిన్ పదాలను ఈ సంస్థ తన నినాదంగా స్వీకరించింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగిలిన రెండింటిని మింగివేయకుండా చూడటమే ఆ తరువాతి నియమావళి అంతటి పని.

ఈ దశలో ‘యుద్ధాభ్యాసం’, ‘క్రీడ’ అనే భావాలు ఇంకా వేరుపడలేదు. 1977 ప్రపంచ పోటీ రొడీషియా రాజధాని సాలిస్‌బరీలో జరిగింది. అప్పటికి ఆ దేశంలో అంతర్యుద్ధం నడుస్తున్నది. అల్పసంఖ్యాక శ్వేతజాతి ప్రభుత్వం కారణంగా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు ఆ దేశాన్ని అనుమతించలేదు. 1979 పోటీ దక్షిణాఫ్రికాలో జరిగింది. వర్ణవివక్ష విధానం వలన ఆ దేశాన్ని ఒలింపిక్ ఉద్యమం 1970లోనే బహిష్కరించింది. అంటే అంతర్జాతీయ క్రీడాలోకం తలుపులు మూసిన రెండు దేశాలు ఈ కొత్త క్రీడకు ఆతిథ్యమిచ్చాయి. అక్కడి పోటీదారులలో చాలామందికి పిస్తోలు దైనందిన జీవితంలో భాగం. ఆ కాలంలో ఈ క్రీడలోకి వచ్చే కొత్త వ్యక్తి సాధారణంగా సైనికుడో, పోలీసో, ఆత్మరక్షణకు ఆయుధం ధరించే పౌరుడో అయి ఉండటం సహజం. ఆయుధం అతనికి అప్పటికే పరిచితం. క్రీడ దానికి మెరుగు పెట్టేది.

ఆ తరువాతి దశాబ్దాలలో ప్రపంచ పోటీల భౌగోళిక చిత్రం పూర్తిగా మారింది. 1999లో ఫిలిప్పీన్స్‌లోని సెబూ, 2008లో ఇండోనేషియాలోని బాలి, 2011లో గ్రీసులోని రోడ్స్, 2017లో ఫ్రాన్స్‌లోని షాతొరూ ఈ పోటీలకు వేదికలయ్యాయి. షాతొరూ షూటింగ్ కేంద్రమే 2024 పారిస్ ఒలింపిక్స్ షూటింగ్ పోటీలకు కూడా వేదిక కావడం, ఈ రెండు సంప్రదాయాల మధ్య దూరం ఎంత తగ్గిందో సూచిస్తుంది.

4. గణన సూత్రం నేర్పే పాఠం:

ఈ క్రీడలో ఖచ్చితత్వాన్నీ వేగాన్నీ ఒకే సంఖ్యలో కలపడానికి వాడే సూత్రం చాలా సరళమైనది. పోటీదారుడు సాధించిన పాయింట్లను అతడు తీసుకున్న సెకన్లతో భాగిస్తారు. వచ్చిన సంఖ్యను హిట్ ఫ్యాక్టర్ అంటారు. కాగితపు లక్ష్యంపై మూడు మండలాలుంటాయి. మధ్యనున్న ‘ఎ’ మండలానికి 5 పాయింట్లు. ‘సి’, ‘డి’ మండలాలకు తూటా శక్తిని బట్టి విలువ మారుతుంది. అధిక శక్తిగల తూటాలకు 4, 2 పాయింట్లు, తక్కువ శక్తిగల వాటికి 3, 1 పాయింట్లు. పూర్తిగా తప్పిన తూటాకు 10 పాయింట్లు తీసివేస్తారు. కాల్చకూడని లక్ష్యాన్ని తాకినా అంతే.

తూటా శక్తిని కొలిచే లెక్కను పవర్ ఫ్యాక్టర్ అంటారు. గ్రెయిన్లలో గుండు బరువును, సెకనుకు అడుగులలో దాని వేగంతో గుణించి, 1000తో భాగించాలి. 124 గ్రెయిన్ల గుండు సెకనుకు 1050 అడుగుల వేగంతో వెళితే పవర్ ఫ్యాక్టర్ 130.2 అవుతుంది. తక్కువ శక్తి తరగతికి కనీస హద్దు 125 కనుక ఇది చెల్లుతుంది. 230 గ్రెయిన్ల గుండు 750 అడుగుల వేగంతో వెళితే 172.5 వస్తుంది. ఇది అధిక శక్తి తరగతికి చెందుతుంది. నినాదంలోని ‘బలం’ అనే మాట ఈ విధంగా కొలతగా మారింది.

ఒక ఉదాహరణతో హిట్ ఫ్యాక్టర్ స్వభావం స్పష్టమవుతుంది. ఎనిమిది కాగితపు లక్ష్యాలపై రెండేసి తూటాల చొప్పున 16 తూటాలు కాల్చవలసిన పోటీలో గరిష్ఠం 80 పాయింట్లు. అందరూ తక్కువ శక్తి తరగతి తూటాలే వాడుతున్నారనుకుందాం. అనుభవజ్ఞుడైన ఒక పోటీదారుడు 14 ‘ఎ’, 2 ‘సి’ తాకిడులతో 76 పాయింట్లను 9.5 సెకన్లలో సాధిస్తే అతని హిట్ ఫ్యాక్టర్ 8.00. మరొకడు 8 ‘ఎ’, 8 ‘సి’ తాకిడులతో 64 పాయింట్లను 8 సెకన్లలో సాధించినా హిట్ ఫ్యాక్టర్ 8.00 మాత్రమే. కొత్తగా వచ్చిన వ్యక్తి నిదానంగా 20 సెకన్లలో 80కి 80 పాయింట్లు తెచ్చుకుంటే అతనికి 4.00 వస్తుంది. అతడే తొందరపడి 12 సెకన్లలో ముగించి, 12 ‘ఎ’, 2 ‘సి’ తాకిడులు పొంది, రెండు తూటాలు పూర్తిగా తప్పితే, 66 పాయింట్లలో 20 పోయి 46 మిగులుతాయి. హిట్ ఫ్యాక్టర్ 3.83. ఎనిమిది సెకన్లు ఆదా చేసి కూడా అతడు వెనుకబడ్డాడు.

వీవర్ 1950ల చివర బిగ్ బేర్‌లో చేసి చూపినదాన్ని ఈ గణనసూత్రం అంకెలలో చెబుతున్నది. తప్పిన ప్రతి తూటా వలన రావలసిన 5 పాయింట్లు పోవడమేకాక మరో 10 పోతాయి. అంటే మొత్తం 15 పాయింట్ల నష్టం. అందువలన ప్రారంభదశలో ఉన్నవారికి శిక్షకులు ముందుగా తాకిడులను, ఆ తరువాతనే వేగాన్ని సాధించమని చెబుతారు. ఆ సలహా కేవలం నీతిబోధ కాదు, సూత్రంలోనే ఇమిడి ఉన్న లెక్క.

5. పరికరాల పోటీ, విభాగాల పుట్టుక:

ప్రారంభకాలంలో పోటీదారులలో అధికులు వాడినది జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన .45 పిస్తోలు. దాని మ్యాగజైన్‌లో ఏడు తూటాలు పట్టేవి. అది దుకాణంలో దొరికే సాధారణ ఆయుధం. 1980లలో రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ వంటి యువ పోటీదారులు వీవర్ పద్ధతిని పక్కనపెట్టి, రెండు చేతులనూ సమానంగా ముందుకు చాచే భంగిమను ప్రాచుర్యంలోకి తెచ్చారు. 1983లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీలో లేథమ్ గెలిచాడు. ఈనోస్ 1990లో ప్రచురించిన గ్రంథం ఆయుధ ప్రయోగంకంటే చూపు, ఏకాగ్రత, శరీర స్పృహలను ఎక్కువగా చర్చించింది. అప్పటికి ఈ విద్య క్రీడాకారుల విద్యగా మారిందనడానికి ఆ గ్రంథం మంచి నిదర్శనం.

ఇదే కాలంలో పిస్తోలు కూడా మారింది. పేలుడు వాయువులను పైకి వదలి గొట్టపు మూతి ఎగరకుండా చేసే కాంపెన్సేటర్లు, ఎక్కువ తూటాలు పట్టే వెడల్పాటి మ్యాగజైన్లు, చిన్న వ్యాసంతోనే అధిక శక్తినిచ్చే .38 సూపర్ తూటాలు వచ్చాయి. 1990లో ఆస్ట్రేలియాలోని ఆడిలేడ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో డగ్ కోనిగ్ ఎర్రచుక్క దర్పణంతో గెలిచాడు. ఆ తరువాత అగ్రశ్రేణిలో సాధారణ పిస్తోలుకు చోటు లేకుండాపోయింది.

ఈ పరిణామం రెండు సమస్యలను తెచ్చింది. మొదటిది సైద్ధాంతికం. నిత్యజీవితంలో ధరించగల ఆయుధంతో చేయవలసిన అభ్యాసం, పోటీకోసమే తయారైన యంత్రాలతో ఆడే ఆటగా మారిందని కూపర్ స్వయంగా అసంతృప్తి చెందాడు. ఆ ధోరణిలో ఆలోచించినవారే 1996లో ఇంటర్నేషనల్ డిఫెన్సివ్ పిస్టల్ అసోసియేషన్‌ను ప్రారంభించారు. బిల్ విల్సన్, కెన్ హాకథార్న్ దాని స్థాపకులలో ఉన్నారు. దుస్తుల చాటున ధరించగల సాధారణ పిస్తోళ్లు, అటువంటి హోల్‌స్టర్లే ఆ పోటీలలో వాడాలి.

రెండవ సమస్య ఆర్థికం. ప్రత్యేకంగా మలచిన పిస్తోలు కొనలేని వ్యక్తికి ఈ క్రీడలో ప్రవేశం నామమాత్రమైంది. దీనికి సంస్థలు కనుగొన్న పరిష్కారం విభాగాలు. 1990లలో ఎర్రచుక్క దర్పణం, కాంపెన్సేటర్ లేని పిస్తోళ్లకు ప్రత్యేక విభాగం స్థిరపడింది. 2000 ప్రాంతంలో కర్మాగారం నుండి వచ్చిన పిస్తోలును దాదాపు ఉన్నదున్నట్లుగా వాడే ప్రొడక్షన్ విభాగం ఏర్పడింది. ఈ విభాగంలో అందరి తూటాలనూ తక్కువ శక్తి తరగతిగానే లెక్కిస్తారు. కాబట్టి చౌకగా దొరికే 9 మి.మీ. తూటాలు వాడినవారికి నష్టం లేదు. ఒక సాధారణ పిస్తోలు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్, గట్టి బెల్టు, నాలుగైదు మ్యాగజైన్లు, వాటి తొడుగులు, కళ్లజోడు, చెవి రక్షణ ఉంటే పోటీకి సరిపోతాయి. విభాగాల చరిత్రను సాధారణంగా సాంకేతిక వర్గీకరణగా చూస్తారు. నిజానికి అది మూసుకుపోతున్న ప్రవేశద్వారాన్ని కొత్తవారికోసం మళ్లీ మళ్లీ తెరచిన చరిత్ర.

అమెరికాలో 1984లో ఏర్పడిన యునైటెడ్ స్టేట్స్ ప్రాక్టికల్ షూటింగ్ అసోసియేషన్ అనుసరించే శ్రేణీకరణ కూడా ఈ దృష్టితో చూడదగినదే. నిర్ణీత అమరికలలో సాధించిన ఫలితాన్ని అత్యుత్తమ ఫలితంతో పోల్చి, 95 శాతం పైబడినవారిని గ్రాండ్ మాస్టర్లుగా, 40 శాతం లోపువారిని ‘డి’ తరగతిగా నిర్ణయిస్తారు. దీనివలన కొత్త వ్యక్తి ప్రపంచ విజేత పక్కనే అదే అమరికను కాల్చినా, తన తరగతివారితో తనను పోల్చుకోగలడు.

6. భద్రతా నియమం అనే ప్రవేశద్వారం:

పోటీకి మొదటిసారి వచ్చిన వ్యక్తి హోల్‌స్టర్‌లోని పిస్తోలులో తూటాలు ఉండవు. రేంజ్ అధికారి ఆజ్ఞ లేకుండా అతడు దానిని తాకరాదు. సరిచూసుకోవాలంటే ప్రత్యేకంగా కేటాయించిన భద్రతాస్థలానికి వెళ్లాలి. అక్కడ పిస్తోలును తీయవచ్చు గాని తూటాను చేతబట్టరాదు. అంటే పిస్తోలు, తూటా అనే రెండింటినీ ఒకేచోట కలిపే అధికారం ఒక్క అధికారి ఆజ్ఞకే ఉంది.

తన వంతు వచ్చినప్పుడు తూటాలు నింపి సిద్ధం కమ్మన్న ఆజ్ఞ వస్తుంది. సిద్ధమేనా అన్న ప్రశ్న తరువాత, ‘స్టాండ్‌బై’ అన్న హెచ్చరిక, ఆపై ఒకటి నుండి నాలుగు సెకన్లలోపు టైమర్ ధ్వని వినిపిస్తుంది. చివరి తూటా పేలిన చప్పుడును కూడా అదే టైమర్ నమోదు చేస్తుంది. ముగిశాక పిస్తోలును ఖాళీ చేసి అధికారికి చూపించి, తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టిన తరువాతనే రేంజ్ సురక్షితమని ప్రకటిస్తారు. అంతవరకు ఎవ్వరూ లక్ష్యాలవైపు కదలరు.

గొట్టపు మూతి ఇరువైపులా 90 డిగ్రీల హద్దు దాటినా, కదిలేటప్పుడు గాని మ్యాగజైన్ మార్చేటప్పుడు గాని వేలు ట్రిగ్గర్ కవచం లోపల ఉన్నా, పిస్తోలు చేజారినా, ఆజ్ఞ లేకుండా దానిని తీసినా పోటీదారుణ్ణి ఆ మొత్తం పోటీ నుండి తొలగిస్తారు. దీనిలో రెండవ అవకాశం లేదు. ప్రపంచ విజేతకైనా, మొదటి రోజు వచ్చినవాడికైనా అదే నియమం. ఈ సమానత్వం గమనించదగినది. నైపుణ్యంలో ఇద్దరి మధ్య ఎంత దూరమున్నా, ప్రమాదం విషయంలో నియమం వారిద్దరినీ ఒకేగాట కడుతున్నది. తొలి పోటీలో ఏ స్థానం వచ్చినా సరే, తొలగింపు లేకుండా ఇంటికి వెళ్లడమే లక్ష్యమని కొత్తవారికి చెప్పే మాట ఇక్కడనుండి పుట్టింది.

ఈ నియమాలను నేర్పే తీరు దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో ‘బ్లాక్ బ్యాడ్జ్’ అనే శిక్షణలో ఉత్తీర్ణులైనవారికే ఐ.పి.ఎస్.సి. పోటీలలో ప్రవేశం ఉంటుంది. అమెరికాలో అనేక క్లబ్బులు పోటీకి ముందు కొత్తవారికి భద్రతా వివరణ ఇచ్చి, అనుభవజ్ఞులున్న జట్టులో చేర్చుతాయి. ఏ పద్ధతిలోనైనా, తన వంతు కాని సమయంలో కొత్త వ్యక్తి చేసే పని ఒకటే. కాల్చిన లక్ష్యాలమీది రంధ్రాలకు కాగితపు ముక్కలు అంటించడం, పడిపోయిన ఉక్కు పలకలను నిలబెట్టడం. ఇది స్వచ్ఛంద శ్రమ. ఈ శ్రమలోనే ఇతరుల తాకిడులను దగ్గరగా చూసి అతడు నేర్చుకుంటాడు. ఇంటివద్ద తూటా లేని పిస్తోలుతో చేసే సాధన మిగిలిన భాగాన్ని నేర్పుతుంది.

7. చట్టమూ క్రీడా రూపమూ:

1990లలో ఈ క్రీడ ఎదుర్కొన్న పెద్ద పరీక్ష రేంజ్ వెలుపలినుండి వచ్చింది. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు పిస్తోలు కాల్పులలో మరణించారు. హంతకుని వద్ద ఉన్నవి లైసెన్సు గల ఆయుధాలే. 1997లో బ్రిటన్ చేసిన రెండు చట్ట సవరణలతో ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో పౌరుల పిస్తోళ్లు దాదాపు పూర్తిగా నిషిద్ధమయ్యాయి. అక్కడి ప్రాక్టికల్ పిస్తోలు పోటీలు ముగిశాయి. అభ్యాసకులు షాట్‌గన్, రైఫిల్ పోటీలకు మళ్లారు.

ఆస్ట్రేలియాలో 2002లో ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పుల తరువాత పిస్తోళ్లపై నియంత్రణ పెరిగింది. తూటా వ్యాసానికి, మ్యాగజైన్ సామర్థ్యానికి హద్దులు పెట్టారు. అంతకంటే ముఖ్యంగా, కొత్తగా చేరినవారికి అంచెలవారీ ప్రవేశాన్ని నిర్దేశించారు. మొదటి ఆరు నెలలు సొంత పిస్తోలు లేకుండా క్లబ్బులోనే అభ్యసించాలి. బ్రిటన్ మార్గం క్రీడను ముగించగా, ఆస్ట్రేలియా మార్గం కొత్త అభ్యాసకుని కాలాన్ని పొడిగించింది. ఒకే రకమైన విషాదానికి వచ్చిన ఈ రెండు సమాధానాలలో, రెండవది క్రీడా సంస్థకు శిక్షకుని పాత్రతోపాటు కాపలాదారు పాత్రను కూడా ఇచ్చింది.

క్రీడా సంస్థ కూడా తన రూపాన్ని మార్చుకున్నది. తొలినాటి కాగితపు లక్ష్యానికి మనిషి తలను పోలిన భాగం ఉండేది. 1990లలో ఐ.పి.ఎస్.సి. తల లేని, అష్టభుజాకారాన్ని పోలిన కొత్త లక్ష్యాన్ని ప్రవేశపెట్టింది. అమెరికా సంస్థ మాత్రం పాత ఆకారాన్ని కొనసాగించింది. పౌర ఆయుధాలపై కఠిన నియంత్రణ గల తూర్పు ఆసియా ప్రాంతాలలో గాలితో పనిచేసే నమూనా పిస్తోళ్లతో ఇవే నియమాల ప్రకారం పోటీలు పెరిగాయి. వాటి తొలి ప్రపంచ పోటీ 2018లో హాంగ్‌కాంగ్‌లో జరిగింది. అసలు తూటా లేకుండానే ఈ క్రీడ సాగగలదన్న ఈ పరిణామం, యుద్ధాభ్యాసం నుండి క్రీడ ఎంత దూరం వచ్చిందో చెబుతుంది.

8. భారతీయ సందర్భం:

భారతదేశంలో ఆయుధాల వ్యవహారం 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి నియమాల పరిధిలో నడుస్తుంది. వలస పాలనలో వచ్చిన 1878 చట్టం భారతీయులను నిరాయుధులను చేసే ఉద్దేశంతో లైసెన్సు విధానాన్ని కట్టుదిట్టం చేసింది. స్వతంత్ర భారతం ఆ చట్టాన్ని మార్చినా లైసెన్సు సూత్రాన్ని నిలుపుకున్నది. 2019 సవరణ ఒక సాధారణ లైసెన్సుదారుని వద్ద ఉండదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. సైనిక, పోలీసు దళాలు వాడే 9 మి.మీ. పిస్తోలు సాధారణ పౌరునికి నిషిద్ధ తరగతి. ప్రపంచమంతటా ప్రాక్టికల్ షూటింగ్‌లో కొత్తవారు చేపట్టేది సరిగ్గా ఆ తూటానే. అందువలన ఇతర దేశాలలో సులభమైన ప్రవేశమార్గమైన ప్రొడక్షన్ విభాగం ఇక్కడి అభ్యాసకునికి మొదటి మెట్టుగా పనికిరాదు.

ఫలితంగా భారతీయ పిస్తోలు క్రీడ ఒలింపిక్ మార్గంలో ఎదిగింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో రజతం సాధించాడు. అదే ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం పొందాడు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు విభాగాలలో నాలుగు పతకాలు గెలిచింది. తెలుగు ప్రాంతాల యువతకు పిస్తోలు క్రీడలో తొలి మెట్టు 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు కావడానికి ఈ విజయాల ప్రేరణ ఒక కారణమైతే, చట్టపరంగా అది అందుబాటులో ఉండటం మరొక కారణం. ఒక దేశంలో ఏ క్రీడ పెరుగుతుందో నిర్ణయించడంలో అభిరుచితోపాటు చట్టానికీ సమాన పాత్ర ఉందని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలన వలన తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

* ప్రాక్టికల్ పిస్తోలు షూటింగ్ 1950ల కాలిఫోర్నియాలో ఆయుధ ప్రయోగ పద్ధతులను పరీక్షించే పోటీగా పుట్టి, 1976 కొలంబియా సమావేశంతో అంతర్జాతీయ రూపం పొందింది. తొలి దశాబ్దంలో యుద్ధాభ్యాస స్వభావం దానిలో బలంగా ఉంది.
* హిట్ ఫ్యాక్టర్ సూత్రం వేగాన్ని ఖచ్చితత్వానికి లోబరచింది. కొత్తవారికి ఇచ్చే తొలి సలహాకు ఆధారం ఆ సూత్రమే.
* పరికరాల పోటీ వలన మూసుకుపోయిన ప్రవేశాన్ని ప్రొడక్షన్ వంటి విభాగాలు తిరిగి తెరిచాయి. ఈ మార్పు కూపర్ ఆశయానికి దూరమా దగ్గరా అన్న వివాదం ఈ క్రీడను రెండు సంస్థలుగా చీల్చింది.
* భద్రతా నియమాలు విజేతకూ కొత్తవారికీ సమానంగా వర్తించడం ఈ క్రీడ సమాజానికిచ్చే ప్రధాన హామీ.
* రేంజ్‌లో పాటించే క్రమశిక్షణ ఎంత కఠినమైనదైనా, రేంజ్ వెలుపల ఆ ఆయుధం ఏమవుతుందో అది నిర్ణయించలేదు. డన్‌బ్లేన్ అనంతర చట్టాలు ఈ పరిమితిని గుర్తుచేశాయి.

ఈ చివరి అంశం మిగిలిన నాలుగింటికీ హద్దును చూపుతున్నది. క్రీడా సంస్థ తన పరిధిలో పిస్తోలునూ తూటానూ వేరుగా ఉంచగలిగింది. సమాజం మొత్తంలో ఆ పని చట్టానిది. ఈ రెండు నియంత్రణల మధ్య నిలబడి, మొదటిసారి తూటాలు నింపుకొమ్మన్న ఆజ్ఞకోసం ఎదురుచూసే కొత్త అభ్యాసకుని స్థానంనుండి చూసినప్పుడే ఈ క్రీడ చరిత్ర సమగ్రంగా అర్థమవుతుంది.